మైక్ ఎరే: సిమ్యులేషన్‌లో మాట్లాడే ఇద్దరూ విడిగా కనిపిస్తున్నారు, గదిలో కలిసిపోతున్నారు. నెస్టెడ్ ఎరేకి మారాలా?

తరంగ_సాధకుడు:
వరుసగా 8 మైకులు, పక్కపక్క మైకుల మధ్య 5 సెం.మీ., శాంప్లింగ్ 16 కిలోహెర్ట్జ్. 4 ఛానెళ్ల యూఎస్‌బీ సౌండ్ కార్డులు రెండు పెట్టి రికార్డ్ చేస్తున్నాను. ఇద్దరు మాట్లాడుతుంటే ఎవరు ఏ దిక్కున ఉన్నారో చెప్పాలి, అంతే పని. మ్యూజిక్ (MUSIC, మైకుల సిగ్నల్స్ నుంచి శబ్దాల దిక్కుల్ని శిఖరాలుగా చూపే పద్ధతి) అల్గారిథమ్ రాశాను, సిమ్యులేషన్‌లో 10 డిగ్రీల తేడాతో ఉన్న ఇద్దరిని కూడా చక్కగా విడదీస్తోంది. అదే కోడ్‌ని మామూలు గదిలో నడిపితే రెండు శిఖరాల బదులు ఒకే వెడల్పాటి ఉబ్బు, అది కూడా ఇద్దరిలో ఎవరి దిక్కూ కాని చోట. నెస్టెడ్ ఎరేల (మైకుల్ని కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా పెట్టే అమరికల) గురించి చదివాను, 6 మైకులతో 11 సోర్సుల దాకా పట్టొచ్చట. మైకుల స్థానాలు మార్చేయనా? లేక ఇదంతా వదిలేసి న్యూరల్ నెట్‌వర్క్ ట్రెయిన్ చేసుకోవడమే నయమా?

ఐగెన్_విలువలు:
స్థానాలు ఇప్పుడే కదపకండి. మీకు ఇబ్బంది పెడుతున్నది మైకుల సంఖ్య కాదు, గోడల ప్రతిధ్వని. మ్యూజిక్ పనిచేయాలంటే సోర్సుల మధ్య పూర్తి కోహెరెన్స్ (ఒకటి మరోదానికి నకలైనట్టు ఉండడం) ఉండకూడదు. గోడకి తగిలి 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చే శబ్దం, అంటే దాదాపు 1.7 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చేది, అదే మనిషి గొంతుకి నకలు. మీ ఎఫ్‌ఎఫ్‌టీ ఫ్రేమ్ (ఫ్రీక్వెన్సీలుగా విడదీయడానికి ఒకసారి తీసుకునే శబ్దపు ముక్క) 32 మిల్లీసెకన్లు అయితే రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి, కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌లో (మైకుల సిగ్నల్స్ ఒకదానితో ఒకటి ఎంత ముడిపడ్డాయో చూపే పట్టికలో) సిగ్నల్ భాగం ర్యాంక్, అంటే విడివిడి సోర్సుల లెక్క, పడిపోతుంది, నిజమైన దిశకీ నాయిస్ సబ్‌స్పేస్‌కీ (సోర్సుల సిగ్నల్ లేని మిగతా భాగానికీ) మధ్య ఉండాల్సిన, మ్యూజిక్ ఆధారపడే లంబత్వం పోతుంది. సిమ్యులేషన్‌లో ఇద్దరికీ వేర్వేరు ర్యాండమ్ సిగ్నల్స్ ఇచ్చి ఉంటారు, అందుకే అక్కడ ఈ సమస్య కనపడలేదు.

దీనికి 1980ల నుంచీ ఉన్న మందు స్పేషియల్ స్మూతింగ్. 8 మైకుల్ని 5 మైకుల ఉప-ఎరేలుగా తీసుకుంటే ఒకదాని మీద ఒకటి జరుగుతూ 4 వస్తాయి. వాటి కోవేరియన్స్‌లని సగటు చేయండి. అసలు శబ్దానికీ దాని నకలుకీ మధ్య ఫేజ్ తేడా ఒక్కో ఉప-ఎరేలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి సగటులో ఆ కోహెరెన్స్ విడిపోతుంది. ఊరికే రాదు, మీ ఎరే పొడవు 35 సెం.మీ. నుంచి 20కి తగ్గినట్టే. ఇంకో మాట, ఇది సమాన దూరాల వరుస ఉంటేనే నేరుగా పనిచేస్తుంది, నెస్టెడ్‌కి మారితే ఆ సౌకర్యమే పోగొట్టుకుంటారు.

లాగ్_గణితం:
నెస్టెడ్ ఎరే గురించి. 2010లో పాల్, వైద్యనాథన్ ఇచ్చిన ఆలోచన నాకు చాలా ఇష్టం. 1, 2, 3, 4, 8, 12 స్థానాల్లో 6 మైకులు పెడితే జంటల మధ్య తేడాలు మైనస్ 11 నుంచి 11 దాకా ఒక్కటీ ఖాళీ లేకుండా వస్తాయి, మొత్తం 23. మీరు చదివిన 11 అక్కడి నుంచే. అయితే ఆ లెక్కంతా సోర్సులకి ఒకదానితో ఒకటి సంబంధం లేదనే షరతు మీద నిలబడింది, పైగా కోవేరియన్స్ సరిగ్గా అంచనా కావాలంటే స్నాప్‌షాట్స్ (ఒక్కోసారి తీసుకున్న కొలతలు) బోలెడు కావాలి. మీ గదిలో మొదటి షరతే నిలవదు. ఉన్నది ఇద్దరు, మైకులు 8, కాబట్టి కొరత అసలు అక్కడ లేదు.

గడియారం_చూడండి:
అన్నిటికన్నా ముందు ఆ రెండు సౌండ్ కార్డుల సంగతి తేల్చండి, దయచేసి. శాంపిళ్ల వేగాన్ని నడిపే క్లాక్ ఒక్కోదానికి విడిగా ఉంటే పైన చెప్పినవేవీ పనికిరావు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శాంపిల్ అంటే 62.5 మైక్రోసెకన్లు, అంతలో శబ్దం 2.1 సెం.మీ. పోతుంది. 5 సెం.మీ. దూరంలోని రెండు మైకుల మధ్య ఒక్క శాంపిల్ తప్పు పడితే, ఎదురుగా ఉన్న మనిషి 25 డిగ్రీలు పక్కకి జరిగినట్టు వస్తుంది. క్లాకుల మధ్య తేడా 10 పీపీఎం (పది లక్షలకి 10) ఉన్నా 10 నిమిషాలకి 96 శాంపిళ్లు.

పరీక్ష సులువే. ఎరేకి ఎదురుగా ఒక స్పీకర్ కదలకుండా పెట్టి నాయిస్ ప్లే చేస్తూ, వేర్వేరు కార్డుల్లో ఉండే 4వ మైక్, 5వ మైక్ మధ్య ఆలస్యాన్ని జీసీసీ-ఫాట్‌తో (రెండు సిగ్నల్స్‌ని పోల్చి ఆలస్యం కనుక్కునే పద్ధతితో) మొదట్లో ఒకసారి, 10 నిమిషాల తర్వాత ఒకసారి కొలవండి. ఆ ఆలస్యం మారితే ఒకే క్లాక్ ఉన్న 8 ఛానెళ్ల కార్డ్ తప్ప వేరే దారి వెతక్కండి. న్యూరల్ నెట్‌వర్క్ కూడా దీన్ని దాటలేదు, అది ట్రెయినింగ్‌లో చూడని ఫేజ్ తప్పు ఇది.

తరంగ_సాధకుడు:
ఆలస్యం మారుతోందండి, ఆగకుండా ఒకే వైపుకి. కార్డ్ మారుస్తాను. స్మూతింగ్ పెట్టాక అన్ని ఫ్రీక్వెన్సీ బిన్‌లనీ (ఎఫ్‌ఎఫ్‌టీ ఇచ్చే చిన్న చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీలనీ) కలిపేయొచ్చా?

ఐగెన్_విలువలు:
అన్నీ వద్దు. 5 సెం.మీ. దూరానికి 3430 హెర్ట్జ్ దాటితే ఏలియాసింగ్ (మైకుల దూరం సగం తరంగదైర్ఘ్యాన్ని మించి, వేర్వేరు దిక్కులు ఒకేలా కనిపించడం) వల్ల దొంగ శిఖరాలు మొదలవుతాయి. 300 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 1.1 మీటర్లు, మీ ఎరేకి అక్కడ దిక్కే తెలియదు. 1000 నుంచి 3400 మధ్య చాలు. అందులోనూ మాట మొదలయ్యే క్షణాల బిన్‌లకి ఎక్కువ బరువు ఇవ్వండి, ఎందుకంటే నేరుగా వచ్చే శబ్దం ప్రతిధ్వని కన్నా ముందే చేరుతుంది. ఒక్కో బిన్‌లో సాధారణంగా ఒక్కరి గొంతే పైచేయిగా ఉంటుంది కాబట్టి, బిన్‌కో దిశ తీసి హిస్టోగ్రామ్ వేసి చూడండి, దాన్ని మ్యూజిక్ స్పెక్ట్రమ్ పక్కన పెట్టి పోలిస్తే స్మూతింగ్ నిజంగా ఎంత సాయం చేసిందో తెలుస్తుంది.