అప్‌డేట్: గంగమ్మ జాతర ఎపిసోడ్ మళ్లీ కట్టాను

తిరుపతి గంగమ్మ జాతర మీద నేను చేసిన పాడ్‌కాస్ట్‌ను జనం మూడో నిమిషంలోనే ఎందుకు ఆపేస్తున్నారని పోయిన నెల అడిగాను కదా. 'చరిత్ర తర్వాత, ముందు ఒక మనిషిని పట్టుకోండి' అన్నారు మీరు.

పట్టుకున్నాను. గుడి గురించిన ఆరు నిమిషాల పరిచయం మొత్తం తీసేశాను. ఇప్పుడు మొదట్లోనే మా పక్కింటి పిల్లోడు ఒంటికి బొగ్గుపొడి పూసుకుంటుంటాడు. 'చెవుల వెనకాల కూడా పూయి నాయనా' అంటుంది వాళ్ల అవ్వ. అది జాతరలో కట్టే వేషం కోసమని వెంటనే చెప్పలేదు.

ఆ తర్వాత తట్టింది, కథ నడక జాతరలోనే ఉందని! జాతర కథలో, ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె బైరాగి, బండ, తోటి అని రోజుకో వేషం మారుస్తుంది. దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు, అమ్మ వాణ్ణి చంపేస్తుంది. నేనూ వేషానికో భాగం పెట్టాను. చరిత్రంతా మధ్యమధ్యలో పిట్టకథల్లా సర్దాను.

మాతంగి వేషంలో అమ్మ పాలెగాడి భార్యను ఓదార్చే చోట సంగీతం తీసేశాను. అవ్వ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. అది రాత్రి రెండింటికి ఎడిట్ చేస్తూ ఏడ్చాను.

నిన్న మా చిన్నమ్మ చిత్తూరు బస్సులో చివరిదాకా వింది. దిగగానే ఫోన్ చేసి, 'ఆ పిల్లోడు వచ్చే ఏడు ఏ వేషం కడతాడంట?' అని అడిగింది.