మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎమ్‌సీజీ)లో ఆటంతా నిలబడి చూడాలంటే ఏ బేలో (సీట్ల విభాగంలో) టికెట్ తీసుకోవాలి?

జులైలో మా తమ్ముడు మిషిగన్ నుంచి మెల్‌బోర్న్ వస్తున్నాడు. అక్కడ లక్షమందికి పైగా పట్టే యూనివర్సిటీ స్టేడియంలో, స్టూడెంట్ సెక్షన్‌లో మొదటి నుంచి చివరిదాకా నిలబడే అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తాడు. బ్యాండ్ మోగగానే అందరూ పిడికిళ్లు ఎత్తి ఒకే గొంతుతో పాడతారు. ఇక్కడి ఫుటీలోనూ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) వాడికి ఆ ఊపు చూపించాలని నా ఆశ.

ఈ సీజన్‌లో ఎమ్‌సీజీలో కాలింగ్‌వుడ్ జట్టు ఆడిన రెండు మ్యాచ్‌లకి వెళ్లి చూశాను. మొదటిసారి లెవల్ 4లో, మైదానం మధ్యకి ఎదురుగా. రెండు జట్ల వాళ్లూ కలిసే కూర్చున్నారు. ఎదుటి జట్టు కార్ల్‌టన్ స్కార్ఫ్ వేసుకున్న పక్కాయన నాకు చిప్స్ కూడా పెట్టాడు. అది నిజంగా ఎంతో నచ్చింది. కానీ గోల్ పడితే లేచి, వెంటనే కూర్చుంటారు. మూడో క్వార్టర్‌లో నేను రెండు నిమిషాలు నిలబడేసరికి వెనకావిడ కూర్చోమంది. రెండోసారి కింద, బౌండరీ పక్కన తీసుకున్నా అంతే.

గోల్ స్తంభాల వెనక కాలింగ్‌వుడ్ చీర్ స్క్వాడ్ (జట్టు కోసం అరిచే అభిమానుల బృందం) మాత్రం నలుపు తెలుపు కాగితపు కుచ్చులు కట్టిన పొడవాటి కర్రలు ఊపుతూ హోరెత్తించింది. ఆ వరుసలు మెంబర్లకే అన్నారు. టికెట్ సైట్‌లో బే నంబర్లు ఉన్నాయి గానీ ఎక్కడ నిలబడొచ్చో లేదు.

మెంబర్‌షిప్ లేకుండా, చీర్ స్క్వాడ్‌కి దగ్గరగా, ఆటంతా నిలబడి అరిచినా ఎవరూ ఏమీ అనని బే నంబర్ ఏది?