కనిగిరి వైపు బీడులో సీతాకోకలు: పూల విత్తనాలు చల్లాలా, గడ్డి తగలబెట్టాలా?

గరపనేల:
కనిగిరి దగ్గర మా ఊరి మేత పోరంబోకు 40 ఎకరాలు ఉంటుంది. ఎర్ర గరప నేల, అక్కడక్కడా పలుగురాళ్ళు. ఒక పక్క చెరువు, ఇంకో పక్క చిల్లకంప (సర్కారు తుమ్మ) ముసురుకొస్తోంది. దీన్ని జామాయిల్‌కి ఇవ్వకుండా సీతాకోకల కోసం అట్టే ఉంచుదామని పంచాయతీలో మాట అయింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని నీల్ స్మిత్ వన్యప్రాణి శరణాలయం గురించి చదివాం. అక్కడ ప్రెయిరీ గడ్డినేలను మళ్ళీ తేవడానికి గడ్డి, పూల విత్తనాలు చల్లారు, విడతలుగా తగలబెడుతుంటారు. మనమూ బంతి, జీనియా విత్తనాలు చల్లి, మార్చిలో గడ్డి కాలిస్తే సరిపోతుందా? అసలు ఇట్టాంటి నేలలో ఏ రకాలు ఉంటాయి?

నల్లఉప్పి:
బంతి, జీనియా వద్దండీ. పూల తేనె తాగడానికి సీతాకోక ఎక్కడికైనా పోతుంది. గుడ్డు మాత్రం దాని గొంగళిపురుగు తినే మొక్క మీదే పెడుతుంది. కాబట్టి పూలు ఎన్ని ఉన్నాయని కాదు, ఏ కంప, ఏ కలుపు మిగిలి ఉందని చూడండి.

నీల్ స్మిత్ సంగతి కూడా ఇదే. అక్కడ రీగల్ ఫ్రిటిల్లరీ అనే పెద్ద నారింజ సీతాకోకను మళ్ళీ తెచ్చి వదిలేటప్పుడు ముందు వయొలెట్ మొక్కలు నాటారు, ఎందుకంటే దాని పురుగు ఇంకేమీ తినదు. మీ గరపలో వానలకు మొలిచే రత్నపురుష కూడా వయొలెట్ కుటుంబం మొక్కే. జానెడు ఎత్తు, గులాబీ రంగులో ఒకే వెడల్పు రేక. దాని మీద టానీ కోస్టర్ అనే సీతాకోక పెరుగుతుంది. నారింజ రంగు, నల్ల చుక్కలు, బద్ధకంగా నేలకు దగ్గరగా ఎగురుతుంది. ఈ ఒక్క మొక్క ఉన్న చోట్లు గుర్తు పెట్టుకోండి.

ఇక ముళ్ళ పొదలు. మీ బీడుకి అసలు ఆస్తి ఇవే. తెల్ల ఉప్పికి ఆకు మొదట్లో నిటారు ముళ్ళు ఉంటాయి. దాని మీద స్మాల్ సాల్మన్ అరబ్ గుంపుగా గుడ్లు పెడుతుంది. సముద్రం వైపు అయితే గున్నంగి మీద కూడా. నల్ల ఉప్పికి కొక్కెం ముళ్ళు జంటగా ఉంటాయి. అదీ, ఆదొండా ఉంటే కామన్ గల్, పయనీర్, వైట్ ఆరెంజ్ టిప్ వస్తాయి. తంగేడు మీద ఎమిగ్రెంట్‌లు. రేగు మీద కామన్ సిల్వర్‌లైన్, ఆ పురుగు చుట్టూ చీమలు కాపలా తిరుగుతుంటాయి, చీమల మందు చల్లితే అదీ పోతుంది. తుమ్మ మీద బాబుల్ బ్లూలు. దురదగొండి తీగ మీద జోకర్. దాన్ని ఎవరూ ఉంచరు, పీకేస్తారు. మనుషులు తిరగని మూల ఒక్కచోట వదిలేయండి చాలు.

జిల్లేడు సంగతి చెప్పక్కర్లేదు, ప్లెయిన్ టైగర్ దాని మీదే. అమెరికాలో మోనార్క్‌కి మిల్క్‌వీడ్ ఎట్టాగో ఇక్కడ దీనికి జిల్లేడు అట్టాగు, రెండు మొక్కలూ దగ్గరి చుట్టాలే. పురుగు ముందు ఆకు ఈనెను కొరికి పాల ప్రవాహం ఆపుకుని, తర్వాత తింటుంది. జిల్లేళ్ళు మీ దగ్గర ఎటూ ఉంటాయి, నాటే పని లేదు, కొట్టకుండా ఉంటే చాలు.

చెరువు కింద నల్లరేగడి చేలు ఉంటే గట్ల మీద గాడిదగడపాకు చూడండి. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ రెండూ దాని మీద గుడ్లు పెడతాయి. గట్లకు కలుపు మందు కొడితే ముందు పోయేది అదే.

వెలిగొండగాలి:
కాల్చే విషయం నేను చెబుతా. వద్దు. అక్కడ లెక్క వేరు. ప్రెయిరీలో కాల్చకపోతే పొదలు, చెట్లు పెరిగి గడ్డినేల అడవి అయిపోతుంది. అయినా అక్కడ కూడా మొత్తం ఒకేసారి కాల్చరు. రీగల్ ఫ్రిటిల్లరీకి ఏడాదికి ఒకే తరం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు మేత ముట్టకుండానే చలికాలమంతా ఎండు గడ్డి అడుగున పడుకుంటుంది. నేలంతా కాలిస్తే ఆ ఏడు పంట మొత్తం పోయినట్టే. అందుకే కొంత కాల్చి కొంత వదులుతారు.

మన దగ్గర ఏంది సంగతంటే, చాలా రకాలు ఏడాదికి ఎన్నో తరాలు నడుస్తాయి, ఎండాకాలం కొద్దిమందే గూళ్ళలోనో, పొద నీడలో రెక్కలొచ్చిన సీతాకోకలుగానో నెట్టుకొస్తారు. మార్చిలో నిప్పు పెడితే ఆ మిగిలిన కొద్దిమందీ, ఉప్పి పొదలూ పోతాయి. కాలిన పొద మళ్ళీ చిగురు వేసినా దాని మీదికి రావడానికి తల్లి ఉండాలి గదా.

చేయాల్సింది నిప్పు రాకుండా చూడటం. రోడ్డు వైపు, చేల వైపు జనవరిలోనే 3 మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి పట్టీ తీయండి.

చిల్లకంపతో అసలు పోరు. నేల మట్టానికి నరికితే ఒక్క మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వేరు మెడ దొరికే దాకా తవ్వి, నేల కింద జానెడు లోతున కొయ్యాలి. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు పని తేలిక. జేసీబీ మాత్రం పెట్టొద్దు. పైమట్టి గోకితే రత్నపురుష, నేల నీలి లాంటి వాటి విత్తనమంతా దాంతోనే పోతుంది, ఆ ఖాళీలో మళ్ళీ చిల్లే మొలుస్తుంది. కాయలు రాలే రోజుల్లో మేకలు, పశువులు చిల్లలో మేసి నేరుగా బీడుకి రాకుండా చూడండి, పేడలోంచే సగం మొలకలు.

గరపనేల:
కృతజ్ఞతలు. అయితే మేత పూర్తిగా ఆపేయమంటారా? పంచాయతీలో మేకల వాళ్ళు ఒప్పుకోరు.

నల్లఉప్పి:
ఆపొద్దు. ఈ విషయంలో చాలామంది పొరపాటుగా కంచె వేస్తారు. మేత పూర్తిగా పోతే బోద గడ్డి ఎత్తుగా పెరిగి చిన్న మొక్కల్ని కప్పేస్తుంది. బ్లూ పాన్సీకి బోసి నేల కావాలి, రాళ్ళ మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. గ్రాస్ జువెల్ అంతకన్నా చిన్నది, మన దేశంలో అతి చిన్న సీతాకోకల్లో ఒకటి, నేల నీలి మొక్కల మధ్య తిరుగుతుంది. గడ్డి మోకాలి దాకా వస్తే ఈ రెండూ ఉండవు. త్రీరింగ్‌లు, ఈవినింగ్ బ్రౌన్‌లకేమో గడ్డి ఉండాలి, వాటి పురుగులు గడ్డే తింటాయి. కాబట్టి మూడు ముక్కలు చేసి, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఒక ముక్కకు విశ్రాంతి ఇవ్వండి, వచ్చే ఏడు ఇంకో ముక్క. మేకల వాళ్ళకి రెండు వంతులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

నాటాలనే ఉంటే తంగేడు, రత్నపురుష చాలు. తంగేడు గింజ పైపొర గట్టిది. గరుకు రాయి మీద రుద్ది రాత్రంతా నానేసి విత్తండి. రత్నపురుష కాయ పండగానే పగిలి గింజ ఎగిరిపోతుంది, అందుకే పచ్చగా ఉన్నప్పుడే పల్చని గుడ్డ సంచి కట్టాలి. ఆ గింజను లోతున పాతిపెట్టొద్దు, వాన ముందు పైపైన చల్లితే చాలు.

చెరువుకొమ్ము:
లెక్క పెట్టకుండా ఇదంతా చేస్తే ఫలితం తెలియదు. 500 మీటర్ల దారి ఒకటి ఖాయం చేసుకోండి, రాళ్ళకు సున్నం పూసి గుర్తు పెట్టండి. అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు 5 మీటర్లు, ఆ పెట్టె లోపల కనిపించినవే రాయాలి. బ్రిటన్‌లో 1976 నుంచి ఈ పద్ధతితోనే లెక్కిస్తున్నారు. వాళ్ళ సమయాలు మనకు పనికిరావు, మన ఎండకి పొద్దున ఎనిమిదిన్నర నుంచి 11 లోపు. పదిహేను రోజులకోసారి, అదే దారి, అదే నడక. మబ్బు, గాలి, మేత జరిగిందా అన్నది కూడా రాయండి. వానలు మా వైపు, మీ వైపు సెప్టెంబరు తర్వాతే గట్టిగా పడతాయి కాబట్టి అక్టోబరు, నవంబరు నెలలు వదలొద్దు.

తికమక పెట్టే జంట ఒకటుంది. ప్లెయిన్ టైగర్‌ని పక్షులు తినవు, చేదు. డానెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం దాని వేషమే వేస్తుంది. వెనక రెక్క పైభాగం ఫొటో తీయండి. రెక్క నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలుంటే టైగర్, పై అంచు దగ్గర ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. ఎగ్‌ఫ్లై పురుగు గంగపాయల కూర తింటుంది, చెరువు తడి ఆరిన చోట చూడండి.

అదే చోట మధ్యాహ్నం లోపు తడి ఇసుక మీద ఎమిగ్రెంట్‌లు, గల్‌లు గుంపుగా వాలి ఉప్పు లవణాలు పీలుస్తాయి. ఎక్కువగా మగవే. వాటిని దారి లెక్కలో కలపకుండా విడిగా రాయండి, లేకపోతే ఒక్క గుంపుతో నెల లెక్కంతా తారుమారు.