రాస్ప్‌బెర్రీ పైకి సీరియల్ కనెక్షన్: పోర్టు వచ్చి వెంటనే మాయమైపోతోంది

ఉక్కునగరం_కుర్రాడు:
అన్నలూ, నా దగ్గర రాస్ప్‌బెర్రీ పై 3 (చిన్న కంప్యూటర్ బోర్డు) ఉంది, మానిటర్ లేదు. సీరియల్‌లో, అంటే వైర్ల మీదుగా లాప్‌టాప్ నుంచి, లాగిన్ అవుదామని విశాఖ డాబాగార్డెన్స్‌లో సీహెచ్340 మాడ్యూల్ (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది) కొన్నాను. లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04. గుచ్చగానే కెర్నల్ లాగ్‌లో టీటీవైయూఎస్‌బీ0 అని పోర్టు కనపడుతుంది, మరుక్షణమే డిస్‌కనెక్టెడ్ అంటుంది. కేబుల్ మార్చినా అంతే. వచ్చే వారం ప్రాజెక్ట్ రివ్యూ, టెన్షన్‌గా ఉంది. మాడ్యూల్ పోయినట్టేనా?

మద్దిలపాలెం_మాస్టారు:
మాడ్యూల్ బాగానే ఉంది బాబూ. ఉబుంటు 22.04లో బీఆర్ఎల్‌టీటీవై అని ఒక ప్రోగ్రాం ఉంటుంది, చూపు లేనివాళ్ళు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం. అలాంటి ఒక డిస్‌ప్లేకీ నీ సీహెచ్340కీ యూఎస్‌బీ ఐడీ ఒకటే, అందుకని అది తనదే అనుకుని పోర్టును లాగేసుకుంటుంది. ఆ లాప్‌టాప్‌లో బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్ళు లేకపోతే ఆ ప్యాకేజీ తీసెయ్. పర్మిషన్ డినైడ్ అంటే నీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న గ్రూపు) చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ రా.

బీచ్‌రోడ్_సోల్డరింగ్:
తమ్ముడూ, వైర్లు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగు. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే బోర్డే పోతుంది. మాడ్యూల్ మీద జంపర్ 3.3 వైపు ఉన్నా నమ్మకు, టీఎక్స్‌కీ (డేటా పంపే పిన్ను) గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడు, డేటా పోనప్పుడు 3.3 దగ్గర చూపించాలి. ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద 6వ పిన్ను గ్రౌండ్, 8 టీఎక్స్, 10 ఆర్ఎక్స్ (డేటా అందుకునేది). ఇటు టీఎక్స్ అటు ఆర్ఎక్స్‌కి వెళ్ళాలి. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి విడిగా పవర్ ఇస్తున్నావు కాబట్టి మాడ్యూల్ 5 వోల్టుల వైరు అసలు కలపొద్దు. ఇంకోటి, మన సముద్రపు గాలికి పాత జంపర్ వైర్ల కొసల్లో చిలుము పడుతుంది. అనుమానముంటే మాడ్యూల్ టీఎక్స్, ఆర్ఎక్స్ రెండూ ఒకే వైరుతో కలిపి టైప్ చెయ్యి, కొట్టిన అక్షరం తిరిగి స్క్రీన్ మీదికి వస్తే ఆ వైరూ మాడ్యూలూ బాగున్నట్టే.

ఉక్కునగరం_కుర్రాడు:
మాస్టారూ, పోర్టు నిలబడింది! మీటర్లో 3.3 వచ్చింది. కానీ మినీకామ్‌లో (సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాం) స్పీడు 115200 పెట్టినా స్క్రీన్ ఖాళీ.

మద్దిలపాలెం_మాస్టారు:
ఎస్‌డీ కార్డు బూట్ పార్టిషన్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి ఎనేబుల్_యూఆర్ట్=1 అని చేర్చు. పై 3లో అసలు యూఆర్ట్ (సీరియల్ డేటా నడిపే సర్క్యూట్) బ్లూటూత్‌కి పోయింది, ఈ పిన్నులకి దక్కింది మినీ యూఆర్ట్. దాని స్పీడు కోర్ క్లాక్‌తో పాటు మారిపోతుంది, ఈ లైను ఆ క్లాక్‌ని కట్టేస్తుంది.

ఉక్కునగరం_కుర్రాడు:
బూట్ మెసేజ్‌లు వరసగా వచ్చి లాగిన్ దగ్గర ఆగాయి అన్నా! కానీ ఏ కీ కొట్టినా పడట్లేదు.

బీచ్‌రోడ్_సోల్డరింగ్:
అది మినీకామ్ హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలివాళ్ళు సిద్ధమని విడి లైన్ల మీద చెప్పేదాకా డేటా పంపకుండా ఆపే పద్ధతి). మామూలుగా ఆన్‌లో ఉంటుంది, నీ మూడు వైర్లలో దానికి కావలసిన లైన్లు లేవు. కంట్రోల్-ఏ కొట్టి ఓ, సీరియల్ పోర్ట్ సెటప్‌లో ఎఫ్ నొక్కి 'నో' చెయ్యి. ఎప్పటికీ అలాగే ఉండాలంటే మినీకామ్‌ని సుడోతో సెటప్‌లో తెరిచి డిఫాల్ట్‌గా సేవ్ చెయ్, లేకపోతే రివ్యూ రోజున మళ్ళీ ఇదే గోల.