ఊగును ఆపే హిచ్ ఉంటే ట్రైలరు బరువుల లెక్క వదిలేయవచ్చా?

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సస్):
వేసవి సెలవుల్లో మేము ఐదుగురం యెల్లోస్టోన్ వెళ్ళడానికి 26 అడుగుల ట్రావెల్ ట్రైలరు (ట్రక్కు వెనుక లాక్కెళ్ళే, లోపల ఉండే వీలున్న బండి) కొనాలనుకుంటున్నాము. సామానుతో కలిపి అది 7,000 పౌండ్లు తూగుతుంది. మా పికప్ ట్రక్కు 9,000 పౌండ్లు లాగగలదని కంపెనీ పుస్తకంలో ఉంది. ట్రైలరు అటూ ఇటూ ఊగడాన్ని ఆపే హిచ్ (ట్రైలరును ట్రక్కుకు తగిలించే పరికరం) ఒకటి బిగిస్తే చాలునని, మిగిలిన లెక్కలతో పని లేదని అమ్మకందారు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పగలరు.

నల్లమల (డెన్వర్):
అమ్మకందారు చెప్పినది సరైనదేనని నా అభిప్రాయం. వ్యోమింగ్‌లో ఐ-80 రహదారి మీద ఎల్క్ మౌంటెన్ దాటేటప్పుడు పక్క నుంచి కొట్టే గాలికి హిచ్ ఎంత అండగా నిలుస్తుందో ఆ దారిన వెళ్ళినవారికి తెలుసు. పైగా 2012 మోడళ్ళ నుంచి ఇక్కడి కార్లకు, పికప్‌లకు స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. చాలా పికప్‌లలో, ట్రైలరు ఊగును పసిగట్టి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు కూడా దానితోపాటే వస్తోంది. ఇన్ని రక్షణలు ఉండగా పౌండు పౌండూ తూచుకోవడం అనవసర భయం.

గుండ్లకమ్మ (హ్యూస్టన్):
నల్లమల గారూ, దీనితో నేను ఏకీభవించలేను. మీరు చెప్పిన పరికరాల్లో ఎక్కువ భాగం ఊగు మొదలైన తరువాత దానిని అణచడానికి పనికివస్తాయి. అది మొదలు కావడానికి ముఖ్య కారణం బరువు పేర్పులో ఉంటుంది, దానిని ఏ హిచ్చూ సరిచేయదు.

ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి మీద, అంటే ట్రక్కు వెనుక ట్రైలరు ముందు కొస ఆనే ఇనుప గుండు మీద, పడాలి. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద నుంచి లేచిపోతుందని బండి తోలినవారందరికీ తెలుసు. ఇక్కడ కూడా సైకిళ్ళు, జనరేటరు వెనుక బంపరుకు తగిలిస్తే బంతి మీద బరువు తగ్గి, వేగం పెరిగేకొద్దీ ట్రైలరు అటూ ఇటూ కొట్టడం మొదలుపెడుతుంది.

అయితే ఆ బంతి మీది బరువును మోయవలసింది ట్రక్కే. 7,000 పౌండ్లలో 12 శాతం అంటే 840 పౌండ్లు, హిచ్ పరికరానికి దాదాపు 100, మీ ఐదుగురికీ ట్రక్కులోని సామానుకూ కలిపి ఒక 700 వేసుకుంటే 1,640 అవుతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో మనుషులకు, సామానుకు కలిపి రాసిన పరిమితి ఈ తరగతి ట్రక్కుల్లో చాలావాటికి అంత ఉండదు. 9,000 పౌండ్లు లాగుతుందన్న అంకెను, లాగే శక్తిని తేల్చే ఎస్ఏఈ జె2807 ప్రమాణం పాటించే కంపెనీలు, 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులే కూర్చున్నట్టు భావించి తేలుస్తాయి, మీరేమో ఐదుగురు.

బ్రేకుల మాట ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకు బ్రేకులు ఉండాలని చట్టమే చెబుతోంది. బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులో ఉండి ట్రైలరు బ్రేకులను నడిపే పరికరం) కొనేటప్పుడు, ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతోందో గ్రహించి ఆ మేరకే ట్రైలరుకు బ్రేకు వేసే రకం తీసుకోవాలి. కొంత వ్యవధి గడిచాక ఒకే స్థాయి బ్రేకు వేసే చవక రకం వద్దు. కంట్రోలర్ మీద చేతితో నొక్కే మీట ఒకటి ఉంటుంది. ట్రైలరు ఊగుతున్నప్పుడు కాలి బ్రేకు గట్టిగా తొక్కకుండా, వేగం పెంచకుండా, స్టీరింగు తిన్నగా పట్టుకొని ఆ మీటను నొక్కితే ట్రైలరు చక్రాలకు మాత్రమే బ్రేకు పడి, అది ట్రక్కును వెనక్కి లాగుతూ వరుసలోకి వస్తుంది. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరూ ఖాళీ స్థలంలో దీనిని అభ్యాసం చేసి తీరాలి.

నల్లమల (డెన్వర్):
బరువు తూచుకోవచ్చు గాని గాలిని తూచలేము కదా! ఎదురుచూడని క్షణంలో మీట ఎక్కడుందో చేతికి తగిలేలోపే పరిస్థితి చేయిదాటుతుంది. అందుకే ఆల్-కో ఏటీసీ వంటి పరికరాలు ట్రైలరులోనే ఉండి తమంతట తామే బ్రేకు వేస్తాయి. మనిషి కంటే యంత్రమే త్వరగా స్పందిస్తుందన్న నా మాట మీదే నేను ఉన్నాను.

గుండ్లకమ్మ (హ్యూస్టన్):
యంత్రం వద్దని నేను అనడం లేదు, హిచ్ తప్పక పెట్టించుకోవాలి. కాని బరువు పరిమితి దాటిన ట్రక్కుకు ఏ యంత్రమూ ఆ మోసే శక్తిని ఇవ్వదు. వేగం సంగతి కూడా చూడండి: గంటకు 55 మైళ్ళ నుంచి 65 మైళ్ళకు వెళితే బ్రేకులు అణచవలసిన శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే బండ్లకు 55 పరిమితి ఉంది. టెక్సస్‌లో ఎవరూ అడ్డుకోకపోయినా దాని దరిదాపుల్లోనే ఉండడం మేలు. కృష్ణాతీరం గారూ, మీ తలుపు చీటీలోని అంకె ఇక్కడ రాయండి.

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సస్):
ఇప్పుడే చూశాను, 1,480 పౌండ్లు అని ఉంది. మీ లెక్కనే 5,000 పౌండ్ల ట్రైలరుకు వేస్తే 600, 100, 700 కలిసి 1,400 వస్తోంది. 26 అడుగులది వద్దని ఇంట్లో చెప్పాను. బేరం కుదుర్చుకునే ముందు, ట్రక్కు స్టాపులోని క్యాట్ కాటా (బండ్లను తూచే పెద్ద కాటా) మీద కుటుంబమంతా కూర్చొని ట్రక్కును తూయిస్తాము.