నేనందఱ మెప్పింతు: ‘ఱ’యా, ‘ఱి’యా?

అక్షరసందేహి: యూనివర్సిటీ వాళ్లు బయటి జనంతో కలిసి చేసిన పనులు ఒకచోట చూపించే సభ పెడుతున్నాం. పెద్దవాళ్ల నోటి చరిత్రలు, గ్రంథాలయాల్లో కావ్యపఠనాలు, వృత్తిపదాల సేకరణ లాంటివి. ఆహ్వానపత్రం మీదికి పోతన గారి ‘కొందఱకుఁ దెనుఁగు గుణమగు’ పద్యం ఆఖరి వాక్యం అనుకున్నాం. కొందరికి తెలుగు నచ్చుతుంది, కొందరికి సంస్కృతం, కొందరికి రెండూ; నేను నా కృతులతో అందరినీ మెప్పిస్తాను అని ఆ భాగవత పద్యం భావం. ‘నేనందఱ మెప్పింతుఁ గృతుల నయ్యై యెడలన్’ అని నా నోటికి వస్తోంది. ‘అందఱి’ అని మా సహోద్యోగి పట్టు. ఏది?

కందప్రియ: ‘అందఱ’. ద్వితీయ, ‘అందఱను’లోని ద్రుతం, అంటే చివరి నకారం, లోపించింది. ‘అందఱి’ అన్నారంటే వెనకే ‘మెప్పు’ అడగాలి.

గణపాఠి: రెండూ భగణమే కదండీ, ఒక గురువు, రెండు లఘువులు; ఛందస్సు తీర్పు చెప్పదు. ‘అందఱినీ’ అంటే మాత్రం కందం కుంటుతుంది.

పదశోధి: ఱ సంగతి సరే, అసలు తిరకాసు ‘ఎడ’ దగ్గర. ‘అయ్యై యెడలన్’ అంటే ఆయా జనం ఉన్న చోట్ల అని నా వాదన. గజేంద్రుడు ‘కలఁ డందురు దీనులయెడ’ అనలేదూ? మీ సభకి ఇంతకన్నా అతికే మాట దొరకదు.

కందప్రియ: అక్కడ ‘ఎడ’ షష్ఠి వెంట వచ్చింది, విభక్తిలా పనిచేస్తుంది. ఇక్కడిది బహువచన నామం. కావ్యంలో ఆయా ఘట్టాల్లో అనే అర్థం. ఒకచోట ‘లలితస్కంధము కృష్ణమూలము’ అని సంస్కృతం, ఇంకోచోట ‘లావొక్కింతయు లేదు’ అని తెలుగు.

గణపాఠి: ఆ పద్యం చివర చూడండి: ‘కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!’ ఒకే మొర, ముందు తెలుగులో, వెంటనే సంస్కృతంలో. ‘రెండుం గొందఱికి’ అన్నవాళ్లకి కూడా వడ్డించేశాడు మహానుభావుడు.

ఊరిబడి: నాకు మింగుడుపడనిది ‘మెప్పింతు’. మెప్పించడం కవి పని. ఇలాంటి పనుల్లో పండితుడు వినాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం, 1962. అందులో సొమ్మంతా రైతు నోటిది. మీ గోడపత్రికల మీద చెప్పినవాళ్ల పేర్లు ‘సమాచారదాతలు’ అని అడుగున చీమల బారుగా వేస్తారా, ఆచార్యుల పక్కనా? రికార్డింగు ప్రతి వాళ్ల చేతికిచ్చారా?

అక్షరసందేహి: పక్కపక్కనే వేస్తున్నాం. ప్రతుల సంగతి కమిటీలో నలుగుతోంది. ఇంతకీ ‘ఱ’ సంగతి తేల్చరూ, ప్రెస్సులో అడుగుతున్నారు.

తుంటరి: ఎడ అంటే ఎడం కూడా. యూనివర్సిటీకీ జనానికీ మధ్యనున్న ‘అయ్యై యెడలన్’ అని వేసేయండి, పీడా పోతుంది.

పదశోధి: నవ్వులాటకి అన్నా, ఎడబాటులో ఉన్నదీ ఆ ‘ఎడే’ తుంటరి గారూ.

కందప్రియ: ఒకే పద్యంలో పైన ‘కొందఱకు’, కింద ‘కొందఱికి’ ఎందుకొచ్చాయో ముందు అది చెప్పండి.