కంట్రోలర్‌కు టీఎల్ఎస్ పెడితే ప్యాకెట్-ఇన్ వరద ఆగుతుందా?

ప్రశ్న (తీగలవంతెన):
ఓపెన్ వీస్విచ్ (ఓవీఎస్, సాఫ్ట్‌వేర్ స్విచ్) నడుస్తున్న 12 స్విచ్‌లు, వాటికి ఆదేశాలు వెళ్లే ప్రోటోకాల్ ఓపెన్‌ఫ్లో 1.3, ఆ ఆదేశాలిచ్చే కంట్రోలర్ ఒక్కటే. స్విచ్‌లన్నీ 6653 పోర్టుకు మామూలు టీసీపీతోనే కనెక్ట్ అవుతున్నాయి. ఫార్వర్డింగ్ పూర్తిగా రియాక్టివ్, అంటే టేబుల్‌లో నియమం దొరకని ప్రతి ప్యాకెట్టూ కంట్రోలర్‌కు వెళ్తుంది (అదే ప్యాకెట్-ఇన్). ఏసీఎల్‌లు (ఎవరికి ఏది అనుమతి అన్న జాబితాలు) కూడా ఫ్లో నియమాలుగానే ఉన్నాయి. ఫెయిల్-మోడ్‌ను (కంట్రోలర్ దొరకనప్పుడు స్విచ్ ఏం చెయ్యాలన్న సెట్టింగ్) ముట్టుకోలేదు.

ఒక వీఎం (వర్చువల్ మెషీన్) నుంచి సోర్స్ మ్యాక్ (పంపేవారి హార్డ్‌వేర్ చిరునామా) మారుస్తూ ప్యాకెట్లు వదిలి చూస్తే కంట్రోలర్ సీపీయూ 100 శాతానికి చేరింది. దాడి జరిగిన స్విచ్‌లోనే కాదు, మిగతా 11 స్విచ్‌లలోనూ కొత్త కనెక్షన్లు ఆగిపోయాయి. ప్రొడక్షన్‌కు ముందు టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్, గుర్తింపు తనిఖీ) పెట్టేస్తే సరిపోతుందా? వరుసగా ఏది ముందు చెయ్యాలి?

జవాబు 1 (ఫ్లోటేబుల్):
టీఎల్ఎస్‌తో ఈ వరద ఆగదండీ. మీ వీఎం పంపిన చెత్తను కంట్రోలర్‌కు మోసుకెళ్తున్నది అసలైన స్విచ్చే. ఛానల్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ చెత్త కూడా ఎన్‌క్రిప్ట్ అయి భద్రంగా చేరుతుంది, అంతే. టీఎల్ఎస్ అవసరమే, కానీ అది వేరే దాడికి మందు. ముందు డేటా ప్లేన్ (మామూలు ట్రాఫిక్ నడిచే భాగం) నుంచి కంట్రోలర్‌కు ఉన్న దారిని ఇరుకు చెయ్యండి.

మొదట టేబుల్ 0, అంటే స్విచ్‌లో ప్యాకెట్‌ను ముందుగా పోల్చే నియమాల పట్టిక. హోస్ట్ పోర్టు ఒక్కోదానికీ, అక్కడ ఉండాల్సిన సోర్స్ మ్యాక్, ఐపీ జంటను మాత్రమే తర్వాతి టేబుల్‌కు పంపే నియమం రాయండి. తక్కువ ప్రయారిటీతో ఆ పోర్టు నుంచి వచ్చే మిగతాదంతా డ్రాప్. ఏఆర్‌పీకి (ఐపీకి తగిన మ్యాక్ కనుక్కునే ప్రోటోకాల్) ఈథర్నెట్ హెడర్ ఒక్కటే చూస్తే చాలదు, లోపలున్న సెండర్ మ్యాక్, సెండర్ ఐపీ ఫీల్డ్‌లను కూడా మ్యాచ్ చెయ్యాలి. లేకపోతే గేట్‌వే ఐపీ నాదేనని ఏ వీఎం అయినా చెప్పుకోగలదు. డీహెచ్‌సీపీ (హోస్ట్‌లకు ఐపీలు పంచే ప్రోటోకాల్) వాడుతుంటే, ఐపీ ఇంకా రాని హోస్ట్ 0.0.0.0 నుంచి అడుగుతుంది కాబట్టి దానికి విడిగా ఒక నియమం ఉండాలి. ఇది మరిచిపోయి బూట్ కాని వీఎంల కోసం గంటలు వెతికే ప్రమాదం ఉంది.

ఈ ఒక్క పనితో మీ టెస్ట్‌లోని ప్యాకెట్లు స్విచ్‌లోనే చచ్చిపోతాయి. కానీ మ్యాక్, ఐపీ సరిగ్గానే ఉంచి డెస్టినేషన్ పోర్టులు మారుస్తూ వదిలితే? ఫ్లోలను అయిదు ఫీల్డ్‌లకూ (రెండు ఐపీలు, రెండు పోర్టులు, ప్రోటోకాల్) మ్యాచ్ చేస్తుంటే ప్రతిదీ కొత్త ఫ్లోయే, ప్రతిదానికీ ఒక ప్యాకెట్-ఇన్, టేబుల్‌లో ఒక ఎంట్రీ. అందుకే తెలిసిన హోస్ట్‌లకు నియమాలు ముందే వేసి, మ్యాచ్‌ను డెస్టినేషన్ మ్యాక్ లేదా సబ్‌నెట్ స్థాయిలో ఉంచండి. టేబుల్-మిస్‌ను (నియమం దొరకని ప్యాకెట్‌ను) డ్రాప్ చేసి, ఏఆర్‌పీ, డీహెచ్‌సీపీ మాత్రమే కంట్రోలర్‌కు వెళ్లనివ్వండి.

చివరి గోడగా రేట్ లిమిట్. ఓవీఎస్ డేటాబేస్‌లో కంట్రోలర్ టేబుల్‌లోని కంట్రోలర్-రేట్-లిమిట్ విలువ ఇవ్వకపోతే పరిమితే ఉండదు. ఇవ్వగలిగిన కనిష్ఠం సెకనుకు 100 ప్యాకెట్లు. అన్ని స్విచ్‌లకూ 100 పెట్టినా కంట్రోలర్‌కు 1,200 లేదా అంతకంటే ఎక్కువే రావచ్చు, అంత భారం అది మోస్తుందో లేదో ముందే కొలవండి. ఇది స్విచ్ మొత్తానికి వర్తించే లెక్క. ఒక్కో పోర్టుకు వేరుగా కావాలంటే ఓపెన్‌ఫ్లో 1.3 మీటర్లు (ఫ్లోల వేగానికి హద్దు పెట్టేవి) వాడాలి.

జవాబు 2 (తాళంచెవి):
పై జవాబుతో ఏకీభవిస్తూ టీఎల్ఎస్, ఫెయిల్-మోడ్ గురించి. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవి.

ఓవీఎస్-పీకేఐ టూల్‌తో కంట్రోలర్‌లకు ఒక సీఏ (సర్టిఫికెట్లపై సంతకం చేసే అధికారి), స్విచ్‌లకు ఇంకో సీఏ వస్తాయి. ప్రతి స్విచ్‌కూ సొంత కీ చెయ్యండి, ఒకే కీని 12 చోట్లా కాపీ చెయ్యొద్దు. సెట్-ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్‌లో వరుస: ప్రైవేట్ కీ, సర్టిఫికెట్, కంట్రోలర్ సీఏ సర్టిఫికెట్. బూట్‌స్ట్రాప్ ఆప్షన్ వాడొద్దు. మొదటి కనెక్షన్‌లో ఎదుటివాడు ఏ సీఏ చూపిస్తే దాన్నే నమ్మి దాచుకుంటుంది. కంట్రోలర్ వైపు క్లయింట్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారో లేదో చూడండి, లేకపోతే ఎవరైనా స్విచ్‌నని చెప్పి లోపలికి రావచ్చు.

ఇంకో మెలిక, సీవీఈ-2018-1000155 అన్న పేరుతో నమోదైన భద్రతా లోపం. హ్యాండ్‌షేక్‌లో స్విచ్ చెప్పిన డేటాపాత్ ఐడీని (స్విచ్ గుర్తింపు సంఖ్యను) కంట్రోలర్ అలాగే నమ్ముతుంది. అంటే సరైన సర్టిఫికెట్ ఉన్న ఒక స్విచ్ చెయ్యిజారితే, అది మరో స్విచ్ పేరుతో కనెక్ట్ కాగలదు. ఏ సర్టిఫికెట్‌కు ఏ డేటాపాత్ ఐడీ అన్న జాబితా కంట్రోలర్‌లో ఉంచి, కలవకపోతే కనెక్షన్ తెంపాలి.

ఇక ఫెయిల్-మోడ్. ముట్టుకోలేదన్నారు, అంటే స్టాండలోన్. ప్రోబ్ (కంట్రోలర్ పలుకుతుందో లేదో చూసే పరీక్ష) వ్యవధికి మూడింతల సేపు, అంటే డిఫాల్ట్ 5 సెకన్లయితే 15 సెకన్లు, కంట్రోలర్ పలకకపోతే స్విచ్ మామూలు లెర్నింగ్ స్విచ్‌గా మారిపోతుంది. మీ ఏసీఎల్‌లు ఫ్లోలే కాబట్టి అవి పక్కకు పోయినట్టే. అంటే కంట్రోలర్‌ను పడగొట్టడమే ఏసీఎల్ దాటే దారి అవుతుంది! సర్టిఫికెట్ గడువు తీరి స్విచ్‌లు తిరిగి కనెక్ట్ కాలేకపోయినా ఇదే ఫలితం. సెక్యూర్ మోడ్ (కంట్రోలర్ లేకున్నా లెర్నింగ్ స్విచ్‌గా మారనిది) పెట్టండి, గడువుకు 30 రోజుల ముందే అలర్ట్ వచ్చేలా చూడండి.

తీగలవంతెన:
సెక్యూర్ మోడ్‌లో కంట్రోలర్ పడిపోతే ట్రాఫిక్ మొత్తం ఆగిపోదా?

తాళంచెవి:
ఆగదండీ. ఉన్న ఫ్లోలు టైమౌట్ అయ్యేదాకా పనిచేస్తూనే ఉంటాయి. ముందే వేసిన నియమాలకు ఐడిల్, హార్డ్ టైమౌట్‌లు రెండూ 0 ఇస్తే అవి కాలం తీరి పోవు. జాగ్రత్త ఒక్కటే: కంట్రోలర్ లేనప్పుడు స్విచ్ డీమన్‌ను చంపి మళ్లీ లేపితే టేబుల్ ఖాళీగా వస్తుంది, అంతా డ్రాప్. ఓవీఎస్-సీటీఎల్ స్క్రిప్ట్‌తో రీస్టార్ట్ చేస్తే అది ఫ్లోలను దాచి తిరిగి వేస్తుంది. ఎలాగూ ప్రొడక్షన్‌కు ఒక్క కంట్రోలర్ చాలదు, మూడింటి క్లస్టర్ పెట్టండి.

జవాబు 3 (లింక్‌అప్):
ఇంకా ఎవరూ అనని రెండు మాటలు. మీ కంట్రోలర్ లింకులను ఎల్‌ఎల్‌డీపీతో (పక్క పరికరాన్ని గుర్తించేందుకు పంపే ఫ్రేములతో) కనుక్కుంటుంటే, ఏ వీఎం అయినా దొంగ ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేమ్ పంపి లేని లింకును మ్యాప్‌లోకి ఎక్కించగలదు. అప్పుడు ఇతరుల ట్రాఫిక్ దాని వైపు తిరగొచ్చు. ఫ్రేమ్‌కు హెచ్‌మ్యాక్ (రహస్య కీతో చేసే) సంతకం పెడితే కల్పించిన ఫ్రేములు ఆగుతాయి కానీ, రెండు వీఎంలు కలిసి అసలు ఫ్రేమునే ఒకచోట పట్టి ఇంకోచోట వదిలితే సంతకం సరిగ్గానే ఉంటుంది. అందుకని హోస్ట్ పోర్టుల్లో ఎల్‌ఎల్‌డీపీని రెండు దిశలా ఆపండి: లోపలికి వస్తే టేబుల్ 0లో డ్రాప్, కంట్రోలర్ అటు పంపకుండా డిస్కవరీ ఆఫ్.

రెండోది నార్త్‌బౌండ్, అంటే అప్లికేషన్లు, అడ్మిన్లు కంట్రోలర్‌తో మాట్లాడే వైపు. మీ కంట్రోలర్ ఓనోస్ అయితే 8181 పోర్టులో ఓనోస్/రాక్స్, ఓపెన్‌డేలైట్ అయితే అడ్మిన్/అడ్మిన్ అన్న డిఫాల్ట్ లాగిన్లు అందరికీ తెలుసు. రెండింట్లోనూ కరాఫ్ (అవి నడిచే జావా వేదిక) ఎస్‌ఎస్‌హెచ్ కన్సోల్ 8101లో వింటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. పాస్‌వర్డ్‌లు మార్చి, ఈ పోర్టులనూ 6653నూ మేనేజ్‌మెంట్ వీల్యాన్‌కే పరిమితం చెయ్యండి. తర్వాత ఒక వీఎం నుంచి కంట్రోలర్ ఐపీకి ఈ మూడు పోర్టులూ తెరుచుకుంటున్నాయేమో ప్రయత్నించి చూడండి. ఒక్కటి పలికినా మిగతా పనులు ఆపి ముందు అది మూసెయ్యండి.